ప్రసూతి మోటారు పథ్యం

లోకంలో అరగని వస్తువు లేదని మా అమ్మమ్మ అంటుండేది. ఆవిడ తాలూకా బోర్డులో ఉద్యోగం చెయ్యలేదు కనుక అలా అనగలిగింది. బోర్డు వస్తువు విరగవచ్చు, పగలవచ్చు, చెదలు తినవచ్చు, దొంగలు ఎత్తుకుపోవచ్చు. వీటన్నిటికీ విడివిడిగా పద్దులున్నాయి. అరుగుదలకి మాత్రం పద్దు లేదు. పద్దు లేనిది బోర్డులో జరగడానికి వీల్లేదు. జరిగిందంటే ఎవరో ఒకరు సంజాయిషీ రాసుకోవలసిందే.

నేను వేమగుంట తాలూకా బోర్డు ఆఫీసుకి మేనేజరుగా ఉన్న రోజుల్లో అలా అరిగి మమ్మల్నందరినీ ఇరుకున పెట్టిన వస్తువు మా ప్రసూతి మోటారు.

ఆ మోటారు కొన్నది ఇసకవాగుపాలెం అంకమ్మ వల్ల. పాలెం నించి వేమగుంట ఆస్పత్రి ఆమడ దూరం. నడుమ వాగు, వాగు నిండా ఇసక. అంకమ్మకి తొలికాన్పు కష్టమైతే బండిలో వేసుకొచ్చారు. బండి ఇసకలో దిగబడింది. దాన్ని లేపి తెచ్చేసరికి బిడ్డ దక్కలేదు. రెండో కాన్పుకీ అదే బండి, అదే ఇసక. ఆ రోజు మా ఆస్పత్రి నర్సు సలోమమ్మ ఆ పసిగుడ్డును పాతచీర ముక్కలో చుట్టుకుని తిన్నగా బోర్డు మీటింగులోకి వచ్చి ప్రెసిడెంటు గారి బల్ల ముందు నిలబడింది. ఆవిడ మిషను ఆస్పత్రిలో పని నేర్చుకున్న మనిషి. నోరు మంచిదని ఎవరూ అనరు. ఆ రోజు మాత్రం ఏమీ మాట్లాడలేదు. సలోమమ్మ మాట్లాడకుండా నిలబడడం నేను చూసింది అదొక్కసారే. సభ్యులు తలలు దించుకుని, వేరే చర్చ లేకుండా, మోటారు కొనాలని తీర్మానం చేసేశారు.

కొత్తది కాదు. ఎవరో జమీందారు గారు కొన్నేళ్ళు షికార్లు తిరిగి, విసుగుపుట్టి అమ్మిన బండి. వెనక సీటు పట్టెమంచమంత ఉండేది. తలుపు మీద తెల్లరంగుతో 'ప్రసూతి మోటారు' అని రాయించి, దస్తగిరిని డ్రైవరుగా వేశాం. వాగుకి ఎగువన చప్టా మీదుగా చుట్టుదారి ఉంది. ఎద్దులకి అది పొద్దంతా పట్టే దూరం గాని మోటారుకి లెక్కలోది కాదు. ఆ కొద్ది నెలల్లో మోటారెక్కి వచ్చిన ఆడవాళ్ళంతా బిడ్డల్ని ఎత్తుకుని ఇళ్ళకి పోయారు. సలోమమ్మ పాలెం వెళ్ళి, మళ్ళీ నీళ్ళోసుకున్న అంకమ్మతో, "ఈసారి భయపడమాక. మోటారెక్కించి తీసకపోతా, నాది పూచీ" అని మాటిచ్చి వచ్చింది. కాన్పు మాఘమాసంలో. మర్చిపోతామేమోనని మా ఆఫీసు క్యాలెండరులో మాఘమాసం చుట్టూ తనే బొగ్గుతో గుండ్రం గీసి పోయింది.

ఇంతలో ఆడిటు వచ్చింది.

ఆడిటరు గారు మోటారు చూడలేదు. మోటారును చూసిన మెకానిక్కు రాసిచ్చిన కాగితం చూశారు. సిలిండరు లోపలి గోడ కాగితం మందాన అరిగిందనీ, పాత బండికి ఇది మామూలేననీ, మంచి నూనె పోస్తూ హాయిగా తిప్పుకోవచ్చనీ అందులో ఉంది. ఆడిటరు గారు 'అరిగింది' అన్నంతవరకు చదివి కలం తీశారు.

'సదరు మోటారు ఇంజనునందు కాగితము మందమున బోర్డువారి లోహము లోపించినట్లు కనబడుచున్నది. సదరు లోహము ప్రస్తుతము ఎవరి స్వాధీనమందున్నది? బాధ్యులపై తీసుకొనిన చర్య యేమి? ఇకముందు లోహము లోపించకుండుటకు చేసిన బందోబస్తు యేమి?'

మా ప్రెసిడెంటు రావుసాహెబు మాలకొండారెడ్డి గారు పదిమందిలో పెద్దమనిషి, దానధర్మాలు చేసినవారు. దొంగతనం మాట వినేసరికి ఆయన మొహం ఎర్రబడింది. దస్తగిరిని పిలిపించారు.

"ఇనుమేదిరా?"

"ఏ ఇనుము దొరా?"

"ఇంజన్లో ఇనుము. కాగితం మందాన పోయిందంట. ఎవరికిచ్చినావు?"

దస్తగిరి ముందు జేబులు తిరగేసి చూపించాడు. తరవాత టోపీ తీసి దులిపి చూపించాడు. తరవాత ఆలోచించి, అరిగిన ఇనుము ఉంటే గింటే నెలకోసారి తను దించేసే పాత నూనెలో ఉండాలన్నాడు.

"ఆ నూనె యాడుంది?"

"కంచె గుంజలకి పోశా దొరా, చెదలు పట్టకుండా."

"బోర్డు ఇనుమును చెదలకి పోశావా?" అని రావుసాహెబు గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

ఆ రోజు నించీ దించిన నూనెని జాడీల్లో పోసి, మూతికి గుడ్డ కట్టి, లక్కముద్ర వేసి, ఖజానా గదిలో పెట్టించాను. ఎప్పుడడిగినా మా ఇనుము మా దగ్గరే ఉందని చెప్పుకోవచ్చు. ఆడిటరు అడిగిన మొదటి ప్రశ్నకి ఇది సరిపోయింది. ఇకముందు లోపించకుండా చెయ్యడం ఎలాగన్నది మిగిలింది.

దేవుడు పంపినట్టు అప్పుడే మద్రాసు నించి నటేశ మొదలియారు అనే ఏజెంటు దిగాడు. అతని పెట్టె నిండా 'అజర' అనే చిన్న చిన్న డబ్బాలు. మూత తీస్తే లోపల కాటుకలాంటి నల్లటి ముద్ద. ఇంజను నూనెలో ఒక్క చెంచా కలిపితే చాలు, లోపలి లోహం మీద పొరలా పట్టుకుని అరుగుదల తగ్గిస్తుందట.

"తగ్గడం కాదండీ, పూర్తిగా ఆగాలి" అన్నారు రావుసాహెబు గారు.

మొదలియారు ఒక్క క్షణం మా మొహాలు చూశాడు. "ఆగుతాదండీ, ఎందుకు ఆగదు" అన్నాడు. కొంచెం నల్లముద్ద తీసి రావుసాహెబు గారి వేళ్ళకి రాసి, "ఇప్పుడు రుద్దండి సారూ" అన్నాడు. రావుసాహెబు గారు బొటనవేలూ చూపుడువేలూ చేర్చి కాసేపు గట్టిగా రుద్దుకున్నారు. "అరిగినాయా?" అన్నాడు మొదలియారు. అందరం వంగి చూశాం. వేళ్ళు రెండూ అలాగే ఉన్నాయి. సభ్యులు సంతోషంతో బల్లలు చరిచారు.

గానుగల ఆదెయ్యశెట్టి గారు మాత్రం చరచలేదు. ఆయన బోర్డు సభ్యులు, ఆముదం వర్తకులు. "మా ముత్తాతల కాలం నించీ బండి ఇరుసులకి ఆముదమే పోస్తన్నాం. ఎవరి ఇరుసన్నా అరిగి చచ్చిందా? ఇంట్లో ఆముదం పెట్టుకుని పట్నం మసి కొంటారా?" అని లేచారు. మసి గొప్పదా ఆముదం గొప్పదా అని సభలో సాయంత్రం దాకా నడిచింది. చివరికి నిపుణుల అభిప్రాయం తెప్పించాలని తీర్మానించి, ఫైలు నాకు అప్పజెప్పారు.

మా ఆఫీసులో ఏ ఫైలు ఎక్కడికి పోవాలో నాకు కొట్టినపిండి. దీపాల కిరసనాయిలు తప్ప మిగతా నూనెలు, తైలాలు అన్నీ వైద్యశాల సెక్షను కిందికి వస్తాయి. అలోపతీ డాక్టరు గారు సెలవులో ఉన్నారు. కనుక ఫైలు మీద 'ప్రసూతి మోటారు, క్షీణత, తైలము గూర్చి అభిప్రాయము' అని రాసి, బోర్డు ఆయుర్వేద వైద్యశాల అధిపతి తిరువెంగళాచార్యులు గారికి పంపాను. ఇప్పుడు మళ్ళీ ఆ ఫైలు వచ్చినా అక్కడికే పంపుతాను. నిబంధన అదే.

ఆచార్యులు గారు నిష్ఠాపరులు. ఫైలు వచ్చిన మర్నాడే తలస్నానం చేసి, శిష్యుడి చేత మందులపెట్టె పట్టించుకుని వచ్చారు. బానెట్టు మీద చెవి ఆనించి కళ్ళు మూసుకున్నారు. రేడియేటరు గొట్టం మీద మూడు వేళ్ళు పెట్టి నాడి చూశారు. దస్తగిరి చేత ఇంజను తిప్పించి, వెనక గొట్టంలోంచి వచ్చే పొగ వాసన చూసి దగ్గారు.

"ప్రసూతి, దరిమిలా క్షీణత. ఫైలు మీద తమరే స్పష్టంగా రాశారు కదండీ. ఇందులో రోగనిదానానికేమీ కష్టం లేదు. ఇది సూతికా ప్రకరణం, బాలింత వైద్యం" అన్నారు నాతో.

"ఇంతకీ ఆముదమా, అజరా ఆచార్యుల వారూ?"

"రెండూ కలపండి. ఆముదం వాతహరం, ఆ నల్లనిది రూక్షహరంలా కనబడుతోంది. అయితే ఒక్కటి. ఔషధం సగం, పథ్యం సగం. పథ్యం లేని తైలం బూడిదలో పోసిన పన్నీరు."

పథ్యం ఆయనే రాసిచ్చారు. చలిగాలి సోకరాదు. ఎండా దుమ్మూ తగలరాదు. బరువు మొయ్యరాదు, మిట్టలెక్కరాదు, దూరప్రయాణం కూడదు. తూర్పుముఖంగా, గాలి చొరబడని గది ఉండాలి. పొద్దునా సాయంత్రం సాంబ్రాణి, వెల్లుల్లిపొట్టు ధూపం. రేడియేటరులో కాచి చల్లార్చిన నీళ్ళే పొయ్యాలి. గది గుమ్మానికి వేపమండ. పరాయివాళ్ళు లోపలికి రాకూడదు. పగటినిద్ర పనికిరాదు. ఇలా ఒక మండలం గడిచాక ఒళ్ళు కుదుటపడింది లేనిదీ చూసి, మెల్లగా గుమ్మం దాకా నడిపించవచ్చు.

గది ఎలా అన్న చిక్కు రాలేదు. ఆస్పత్రిలో కాన్పుల వార్డుకని తెప్పించిన ఇటుకలు, మంగుళూరు పెంకులు ఆవరణలో పేర్చి ఉన్నాయి. రెండూ ప్రసూతి పద్దు కిందివే. మోటారు పేరులోనూ ప్రసూతి ఉంది. కాబట్టి వాటిని వాడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఆ ఇటుకలతో మోటారుకి ఇల్లు కట్టాం. గచ్చు చేయించాం. నీళ్ళు కాచడానికి పక్కనే వంటసాల, బుడ్డి రాగి అండా. మధ్యాహ్నం పూట మోటారు నిద్రపోకుండా చూసే పని దస్తగిరికి వేశాం. అతను ముందు సీట్లో కూచుని అప్పుడప్పుడు బూర మోగించాలి. బూర ఆగిపోతే దస్తగిరి నిద్రపోయాడని మాకు తెలిసేది. అతనికి పగటినిద్ర కూడదని మాత్రం ఎక్కడా రాసిలేదు.

కార్తీకంలో సలోమమ్మ వచ్చింది.

"మేనేజరయ్య గారూ, మోటారెప్పుడిస్తారు? పాలెం పోయి అంకమ్మని చూసి రావాల."

"మోటారు పథ్యంలో ఉందమ్మా."

"ఏంలో?"

చెప్పాను. ఆవిడ సాంతం విన్నది. "దానికి కాన్పయిందా?" అని అడిగింది.

"కాలేదు. క్షీణత మాత్రం వచ్చింది."

"మరి కాన్పయిన ఆడదానికి ఆస్పత్రి వరండాలో గోనెపట్టా కూడా లేదే. ఆ ఇటుకలు మా వార్డువి గదయ్యా."

"పద్దు ఒకటే కదమ్మా" అన్నాను. ఆవిడకి పద్దుల సంగతి తెలియదు. క్యాలెండరు దగ్గరికి పోయి, బొగ్గు చెరిగిపోయిందేమోనని చూసి, మళ్ళీ ఇంకోసారి గట్టిగా గీసి వెళ్ళిపోయింది.

మండలం పూర్తయ్యాక మెకానిక్కును రప్పించి ఇంజను విప్పించి కొలిపించాం. పోయినసారి ఎంత ఉందో అంతే ఉంది. వెంట్రుకవాసి కూడా కొత్తగా అరగలేదు. ఆఫీసులో పండగ చేసుకున్నాం. ఇది అజర మహిమ అని మొదలియారు మద్రాసు నించి రాశాడు. ఆముదమేనని ఆదెయ్యశెట్టి గారు మీసం దువ్వారు. పథ్యమేనని ఆచార్యులు గారు నవ్వి ఊరుకున్నారు. మూడింట్లో ఏది పనిచేసిందో తేలాలంటే ఒకదాన్ని ఆపి చూడాలి. ఆపితే అరగవచ్చు. అరిగితే ఆడిటు ఊరుకోదు. అందుచేత మూడూ ఇంకో మండలం పొడిగించాం.

సలోమమ్మ ఈసారి తిన్నగా రావుసాహెబు గారి దగ్గరికే వెళ్ళింది. "నడవని బండి ఎట్టా అరుగుద్ది రెడ్డిగారూ? నా చెప్పులు తీసి చూర్లో పెడితే నాకూ అరగవు."

రావుసాహెబు గారి మొహం వికసించింది. "చూసినావా నరసింగరావూ! చదువుకోని ఆడమనిషికి కూడా సూత్రం పట్టుబడింది. మనమే మోటారు దగ్గర ఆగిపోయినాం" అన్నారు నాతో.

అలా పుట్టింది మా తాలూకాలో అరుగుదల నివారణోద్యమం. జవాన్లు చెప్పులు విప్పి చూర్లో పెట్టాలని ఉత్తరువు వేశాం. ఆఫీసు గడియారంలో పళ్ళచక్రాలు అరుగుతున్నాయని కీ ఇవ్వడం మానేశాం. అప్పటినించీ మా మీటింగులు ఎప్పుడు మొదలైనా వేళకి మొదలైనట్టే. బోర్డు బళ్ళలో సుద్దముక్కలు బీరువాలో పెట్టి తాళం వేశారు. పంతుళ్ళు అక్షరాలు గాలిలో రాసి చూపించేవారు. పిల్లలకి రాకపోయినా పలకలు కొత్తవిగానే ఉన్నాయి. ఆస్పత్రిలో కత్తెరలు, కష్టమైన కాన్పులో బిడ్డను పట్టి తీసే చిమ్మటాలు వాడితే మొద్దుబారతాయి కనుక ఆముదం రాసి పెట్టెలో దాచారు. సెలవు నించి తిరిగొచ్చిన డాక్టరు గారు రోగులకి చక్కగా నోటితో ధైర్యం చెప్పి పంపించడం మొదలెట్టారు. ఈ ప్రగతి నివేదికలన్నీ నేను జిల్లాకి పంపిస్తూ వచ్చాను.

ఆ పుష్యమాసంలో వాగు ఇసకలో మళ్ళీ ఒక బండి దిగబడింది. తల్లి బతికింది. ఇందులో బోర్డు వస్తువేదీ అరగలేదు కనుక అది నా నివేదికలోకి రాలేదు.

ఆ కబురు తెచ్చిన రోజు సలోమమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. పాలెం నించి వచ్చిన ఆ ఖాళీ బండిలోనే ఎక్కి వెళ్ళిపోయింది. రెండు రోజుల తరవాత, ఇంకా నెలలు నిండకుండానే, అంకమ్మని, ఆమె మొగుడు చెంచయ్యని వెంటబెట్టుకుని వచ్చింది. నొప్పులు రాకముందు బయల్దేరితే ఇసక ఏం చేస్తుందనుకుంది కాబోలు. బండి రెండుసార్లు దిగబడిందట, దిగి నడిచారట.

వరండాలో చలిగాలి ఈడ్చి కొడుతోంది. గోడ లేవవలసిన చోట గోడ లేదు. సలోమమ్మ అటూ ఇటూ చూసి, అంకమ్మ చెయ్యి పట్టుకుని, ఆవరణ దాటి మోటారింటి గుమ్మంలోకి నడిచింది. వేపమండ కింద కూచున్న ఆచార్యులు గారు కంగారుగా లేచారు. నేనూ పరుగెత్తాను.

"పరాయివాళ్ళు రాకూడదమ్మా, పథ్యం చెడుతుంది" అన్నారాయన.

"ఆచారిగారూ, ఒక్క మాట చెప్పండి. కాన్పు దగ్గరైన ఆడదానికి ఎట్టాంటి గది కావాల?"

ఆయన శాస్త్రం అడిగితే అబద్ధం చెప్పే మనిషి కాదు. "గాలి చొరబడని గది ఉండాలి. వేడినీళ్ళుండాలి. ధూపం ఉండాలి. దుమ్మూ ధూళీ..." అంటూ వచ్చి మధ్యలో ఆగిపోయారు. గదిలోకి చూశారు. సాంబ్రాణి పొగ. రాగి అండాలో మరుగుతున్న నీళ్ళు. తళతళలాడే గచ్చు. తాలూకా మొత్తం మీద ఆయన చెప్పిన లక్షణాలున్న పురిటిగది అదొక్కటే.

ఆయన నెమ్మదిగా, "అన్నీ ఉన్నాయమ్మా. కాని ఒక గదిలో ఇద్దరు కూడదు" అన్నారు.

"ఇద్దరెందుకుంటారు" అని సలోమమ్మ మోటారు వెనక తలుపు తీసి, అంకమ్మని ఆ పట్టెమంచమంత సీటు మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. "ఇప్పుడు ఒకరే. బయట మీరే రాశారు గదా ప్రసూతి మోటారని. ఈమె ప్రసూతి. ఇది మోటారు. ఇంక మీకేం తక్కువైంది?"

రావుసాహెబు గారికి కబురు వెళ్ళింది. అత్యవసరంగా బోర్డు కూడింది. ఆ మనిషిని దించెయ్యాలని ఒక సభ్యులన్నారు. దించాలంటే స్ప్రింగులు కదలాలి, కదిలితే అరుగుతాయని ఆదెయ్యశెట్టి గారు అభ్యంతరం చెప్పారు. ఆయన నిజంగానే అన్నారో, ఆ పిల్ల మొహం చూసి అన్నారో నాకిప్పటికీ తెలియదు. 'సదరు స్త్రీని మోటారునుండి దింపుట మోటారునకు హానికరము గనుక, మోటారు క్షేమము దృష్ట్యా ఆమెను యథాస్థానమందుంచుటకు' ఏకగ్రీవంగా తీర్మానించాం.

అంకమ్మ మోటారులో కాపురం పెట్టింది. ఆచార్యులు గారు పూటపూటా వచ్చి ధూపం దగ్గరుండి వేయించేవారు. ఇప్పుడాయన నాడి చూసేది రేడియేటరుకి కాదు. మధ్యాహ్నం బూర మోగించొద్దని దస్తగిరికి ఆయనే చెప్పారు.

మాఘమాసంలో, సరిగ్గా జిల్లా నించి స్పెషలాఫీసరు గారు మా అరుగుదల లేని మోటారును కళ్ళారా చూడడానికి వచ్చిన పొద్దున, అంకమ్మకి నొప్పులు మొదలయ్యాయి. అందరం మోటారింటి బయట పూలదండలు పట్టుకుని నిలబడ్డాం. తలుపులు మూసి ఉన్నాయి. లోపలినించి మూలుగు వినిపిస్తోంది.

"అదేమి శబ్దం?" అన్నారు దొరవారు.

"లోపల కార్యక్రమం జరుగుతోందండి" అన్నాను.

మునపటిలాగే కష్టమైన కాన్పు. సలోమమ్మ తలుపు సందులోంచి తల బయటపెట్టి, "డాక్టరుగారూ, పెట్టె తెరిచి మీ చిమ్మటాలు తీసుకురండి" అంది. డాక్టరు గారు రావుసాహెబు గారి వంక చూశారు. ఆ పెట్టె మీద లక్కముద్ర ఉంది. రావుసాహెబు గారు నా వంక చూశారు. నేను చూడడానికి నా వెనక ఎవరూ లేరు. చెంచయ్య ఒక పక్కన గోడకి తల ఆనించి నిలబడి ఉన్నాడు. వేరే ఏం చెయ్యాలో తోచక, "మొద్దుబారితే సానపట్టిద్దాం, వెళ్ళండి" అన్నాను. డాక్టరు గారు ఆవరణ దాటి పరుగెత్తారు. ఆస్పత్రి ఆమడ దూరంలో లేదు, వాగుకి అవతల లేదు. అంగల్లో వెళ్ళి అంగల్లో వచ్చారు.

కాసేపటికి లోపల పసిబిడ్డ ఏడ్చింది. గట్టి ఏడుపు. మోటారు బూర కూడా ఎన్నడూ అంత గట్టిగా మోగలేదు. ఆచార్యులు గారు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నారు. నాకు చెప్పలేనంత సంతోషమైంది. ఏడుపు కూడా వచ్చింది గాని ఆఫీసు వేళ కనుక ఆపుకున్నాను.

స్పెషలాఫీసరు గారు సంగతంతా విని, ఇంజను కొలత కాగితం తెప్పించుకుని చూసి, అక్కడే నిలబడి వ్యాఖ్య రాశారు. 'ప్రసూతి మోటారునందు క్లిష్ట ప్రసవము జయప్రదముగ జరిగినది. తల్లీ బిడ్డ క్షేమము. ఇంజను అరుగుదల శూన్యము. మోటారును స్త్రీ వద్దకు పంపుటకు మారుగా స్త్రీని మోటారు వద్దకు రప్పించు ఈ నూతన విధానము మిక్కిలి ప్రశంసనీయము. జిల్లాలోని తక్కిన బోర్డులును అనుసరింపవలయును.'

తరవాత అనుసరించారు కూడా. జిల్లా అంతటా కాన్పుల వార్డులకని పెట్టిన ఇటుకలతో మోటారిళ్ళు లేచాయి. ఇంజను లేని మోటార్లయితే ఇంకా మేలని ఒక బోర్డువారు సీట్లు మాత్రమే తెప్పించుకున్నారు. గర్భిణులు తమతమ గ్రామాలనుండి స్వంత బండ్లలో మోటారు వద్దకు చేరుకోవలసిందని దండోరా వేయించారు. వాగులో ఇసక సంగతి ఏ శాఖ కిందికి వస్తుందో ఇంకా తేలలేదు.

పురుడు వెళ్ళాక అంకమ్మ ఇంటికి ప్రయాణమైంది. చెంచయ్య బండి కట్టాడు. ఆమె బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, మోటారింటి వైపు చూసి, "మోటారెక్కిస్తానంటివి గదమ్మా" అంది సలోమమ్మతో.

"ఎక్కితివి గదే. కన్నది దాంట్లోనేగా."

"ఎక్కినా గాని, అది యాడికీ పోలా."

సలోమమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. ఆవిడ ఏమీ అనకపోవడం నేను చూసినది ఒక్కసారే అని ముందు రాశాను. అది దిద్దుకోవాలి, ఇది రెండోసారి.

బండి కదిలేసరికి ఇరుసు కీచుమంది. వచ్చేటప్పుడు ఇసక పట్టి ఎండిపోయినట్టుంది. ఆ కీచుకి బిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకుంది. దస్తగిరి లోపలికి వెళ్ళి, ఆచార్యులు గారి ఆజ్ఞ ప్రకారం అజరా ఆముదమూ కలిపి ఉంచిన గిన్నె తెచ్చాడు. చెంచయ్య అందులో వేలు ముంచి వాసన చూశాడు.

"ఇది మా కందెనే గదయ్యా. ఆముదం, మసి" అన్నాడు. గుడ్డపేలిక ముంచి రెండు చక్రాల ఇరుసులకీ దండిగా పట్టించాడు.

బండి మళ్ళీ కదిలింది. ఈసారి చప్పుడు లేదు. బిడ్డ ఏడుపు మాని నిద్రపోయింది. వాళ్ళు వాగువైపు మలుపు తిరిగేదాకా మేము గుమ్మంలోనే నిలబడ్డాం. ఇన్నాళ్ళుగా మా బోర్డు పోయించిన ఆ తైలంతో నడిచిన బండంటూ ఉంటే అదొక్కటే. దాని ఇరుసు అరుగుదల ఎంత తగ్గిందో మాత్రం మేము కొలిపించలేదు. ఆ బండి బోర్డుది కాదు.